మొదటి గుండు తప్పాలి

గోదాములో ఎలుకలు పడితే ఎవరైనా పిల్లిని తెచ్చుకుంటారు. తుపాకక్క తండ్రి కూతుర్ని పెట్టుకున్నాడు.

ఆయన ధాన్యం గోదాముకు కాపలాదారు. ఎలుకలనీ పావురాలనీ కొట్టడానికి యజమాని ఒక గాలి తుపాకి ఇచ్చాడు, దాంతోపాటు ఒక డబ్బా గుండ్లు. కాపలాదారుకు చూపు మందం. ఆయన పేలిస్తే ఎలుక బతికిపోయేది, బస్తాకు చిల్లు పడేది. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో తొమ్మిదేళ్ళ కూతురి చేతికి తుపాకి ఇచ్చి, తాను బస్తా మీద చతికిలబడ్డాడు. తగిలితే ఏమీ అనడు. తప్పితే నడినెత్తిన మొట్టికాయ. మెచ్చుకోలంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు గాని, మొట్టికాయ రుచి ఆ పిల్లకు బాగా తెలుసు. రెండో ఏడు వచ్చేసరికి మొట్టికాయకు పని లేకుండా పోయింది. వాసం మీద కూర్చున్న పావురాన్ని, పైన రేకు టప్పుమనకుండా దించేది. గుండు తప్పడమంటే ఆ పిల్లకు దొంగతనం కన్నా సిగ్గు. ఎప్పుడైనా ఒకటి పక్కకు పోతే ఆ పూట అన్నం ముట్టేది కాదు.

తుపాకక్క అన్నది తరవాత సర్కస్ వాళ్ళు పిలిచిన పేరు. ఆమెకు పెళ్ళీడు వచ్చిన ఏడు ఆ సర్కస్ గోదాము పక్క మైదానంలో దిగింది. వానకు తడిసిన డేరా గుడ్డలు ఆరేసుకోవడానికి చోటు అడుగుదామని ఒకాయన గోదాములోకి వచ్చాడు. మైకు ముందు నిలబడి జనాన్ని పిలవడం ఆయన పని. అందుకే అందరూ మైకాయన అనేవారు. సన్నటి మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, తేనెలో ముంచి తీసిన మాట. వచ్చిన పని మరిచిపోయి, నోరు తెరిచి, ఆ పిల్ల పావురాన్ని దించడం చూస్తూ నిలబడిపోయాడు. ఆయన నోరు తెరిచి మాట్లాడకుండా ఉన్నది బహుశా ఆ ఒక్కసారే. వారం తిరక్కుండా పెళ్ళి మాట ఎత్తాడు. మా పిల్లకు వంట రాదని కాపలాదారు దాచకుండా చెప్పాడు. వంటకు మా అమ్మ ఉంది అన్నాడు మైకాయన. పిల్లకు ఏమి ఇష్టమో ఇద్దరూ అడగలేదు. అడిగి ఉంటే తుపాకి అనే చెప్పేది, అదీ ఆ పెళ్ళితో దొరికింది కాబట్టి కిక్కురుమనలేదు.

అత్త ఆ సర్కస్‌కు దుస్తులు కుట్టే మనిషి. డేరా వెనక రేకుల గదిలో మిషను పెట్టుకుని, గుర్రాల మీది పిల్లలకూ జోకర్లకూ తళుకులు కుట్టేది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగలదు. మొగుడు పోయాక కొడుకును ఆ మిషను మీదే పెంచింది గనక, ఆ కొడుకు సంగతి ఆమెకు కొలతలతో సహా తెలుసు.

మొదటి ఆటలో తుపాకక్క చేతికి నిజం రైఫిలు ఇచ్చారు. పెద్ద చెక్క ముందు దారాలకు వేలాడదీసిన పది గాజుబుడ్లను, పది గుండ్లతో, ఊపిరి తిప్పుకోకుండా పగలగొట్టింది. వెనక్కి తిరిగి చూస్తే జనం పల్లీలు ఒలుచుకుంటున్నారు. చప్పట్లు ఎక్కడో రెండు మూలల్లో మోగి ఆరిపోయాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు బెంచీల మీంచి ఒకడు, చెక్క వెనక ఎవడో సుత్తి పట్టుకుని కూర్చున్నాడని అరిచాడు. దానికి మాత్రం డేరా పగిలేలా నవ్వారు.

ఆట అయ్యాక మైకాయన ఆమెను రేకుల గదిలో కూర్చోబెట్టి నచ్చజెప్పాడు.

"మొదటి గుండు తప్పాలే."

"ఎందుకు తప్పాలి?"

"తప్పకపోతే ఇది కష్టమని జనానికెట్లా తెలుస్తుంది? గారడీ అనుకుంటున్నారు. ఒక్కటి తప్పు. అయ్యో అంటారు. అయ్యో అన్న నోరే తరవాత ఆహా అంటుంది."

"నాకు రాదు."

"ఏం రాదు?"

"తప్పడం."

అత్త మిషను ఆపింది. "వాడు చెప్పిందాంట్లో కొంత నిజముందే కోడలా. అతుకు కనపడకుండా కుడితే కుట్టినట్టే ఎవరికీ తెలీదు. అయినా నీ మనసొప్పకపోతే మానెయ్. వీడి నోటికేం, మూతలేని డబ్బా."

మనసొప్పలేదు. అయినా కొత్త కోడలు, కొత్త చోటు, కొడుకూ తల్లీ తినేది ఆ డేరా కిందే. నాలుగో రోజు నుంచి తప్పింది.

తప్పడంలో కూడా ఆమె తన మొట్టికాయల చదువు వదిలిపెట్టలేదు. బుడ్డికి ఎడమగా రెండు వేళ్ళ దూరం. రోజూ అక్కడే. మిగతా గుండ్లు బుడ్డిబుడ్డికీ ఒక చోట తగిలి చెక్కంతా జల్లెడైతే, ఆ తప్పిన గుండ్లన్నీ ఒకే చిల్లులోకి పోయి చెక్కకు ఆవలి వైపు దారి చేసుకున్నాయి. చెక్కలు మార్చే వడ్రంగి ఆ చిల్లులో వేలు పెట్టి చూసి, "అక్కా, జనం గురి చూసి కొడతారు, నువ్వు గురి చూసి తప్పుతున్నావు," అన్నాడు. ఆ డేరా కింద ఆమె గురించి తెలిసి పలికిన మాట అదొక్కటే.

అక్కడితో ఆగితే ఇంత కథ లేదు. మైకాయనకు ఖాళీగా నిలబడటం చేతకాదు. గుండు తప్పగానే మైకు పట్టుకుని, ఇంట్లో కూరలో ఉప్పు తప్పుతుంది, ఇక్కడ గుండు తప్పింది, ఏం చేస్తాం బాబూ కట్టుకున్నాక తప్పదు అనేవాడు. జనం బెంచీలు చరిచేవారు. అప్పుడు మైకు కింద పెట్టి, మెల్లగా నడిచి వెళ్ళి, ఆమె కుడి మోచెయ్యిని రెండు వేళ్ళతో అంగుళం పైకి ఎత్తి, చెవిలో ఏదో చెప్పినట్టు పెదవులు కదిపేవాడు. ఏమీ చెప్పేవాడు కాదు. ఒక్కోసారి కూరగాయలు అయిపోయాయనేవాడు. ఆయన చెయ్యి తీశాక ఆమె తొమ్మిదీ కొట్టేది. అప్పుడు మోగేవి చప్పట్లు! ఆయన వంగి దండం పెట్టేవాడు.

చివర్లో ఆయనే నోట్లో సుద్దముక్క పెట్టుకుని పక్కకు తిరిగి నిలబడేవాడు. ఆమె దాన్ని పెదవుల దగ్గరగా విరగ్గొట్టేది. రెప్ప వెయ్యకుండా నిలబడ్డాడని ఆయన గుండెధైర్యాన్ని మెచ్చుకుంటూ జనం లేచి నిలబడేవారు. ఆ ఒక్క గుండును మాత్రం తప్పమని ఆయన ఏనాడూ అడగలేదు.

సొమ్మొకడిది, సోకొకడిది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆయనకు గురువన్న పేరు స్థిరపడింది. తండ్రులు కొడుకుల్ని వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వచ్చి విద్య నేర్పమనేవారు. ఎదురుగా ఉన్న గోడను కూడా కొట్టలేని ఆ మనిషి, మోచెయ్యిలోనే ఉంది కిటుకంతా అని ముఖం గంభీరంగా పెట్టేవాడు. ఒకసారి పత్రికవాళ్ళు వచ్చి గంటసేపు ఆయనతో మాట్లాడి, పోతూ పోతూ ఆమెతో మంచి గురువు దొరికాడమ్మా నీకు అన్నారు. ఆమె రైఫిలు తుడుచుకుంది. ఆ సాయంత్రం మోచెయ్యి ముట్టుకోవద్దని మొగుడికి చెప్పింది. దాంట్లో నీకేం పోయింది, ముట్టుకుంటే అరిగిపోతావా అన్నాడు. ముద్ద లోపలికి పోతున్నప్పుడు ముద్ద పెట్టే చెయ్యిని కరుస్తావా అని కూడా అన్నాడు. ముద్ద ఎవరి చేతిదో ఆయన నిజంగానే మరిచిపోయాడని ఆమెకు అప్పుడు అర్థమైంది. అబద్ధం రోజూ మైకులో చెబితే ముందు చెడేది చెప్పేవాడి చెవులే.

అటువంటి రోజుల్లో పోలీసు శిక్షణ బడిలో ఆడపిల్లలకు తుపాకి నేర్పడానికి ఒక ఆడమనిషి కావాలని తెలిసింది. చదువు అక్కర్లేదు, పోటీలో గెలవాలి. గెలిచినవాళ్ళకు ఉద్యోగం, ఉండటానికి గోడలున్న ఇల్లు, తలుపు మీద పేరు. ఇల్లు ఉన్నా లేకపోయినా ఆ తలుపు మీది పేరు కోసం తుపాకక్క ప్రాణం లేచివచ్చింది. నలుగురు ఆడపిల్లలు వరసగా నిలబడి, ఈవిడ నేర్పింది, ఈవిడ చెయ్యి ఇది అనాలి. ఇంకేమీ అక్కర్లేదు అనుకుంది.

బడిలో డ్రిల్లు మాస్టారు ముందుగా ఒకసారి ఆమె చెయ్యి చూశాడు. పక్కన కుర్రాళ్ళు బూట్లు టకటకలాడిస్తూ కవాతు చేస్తున్నారు, వంటగదిలో గిన్నెలు మోగుతున్నాయి. ఆ సందడిలో ఆమె నిలబడి కొట్టిన గుండ్లు చూసి, పోటీకి రండమ్మా, మిగతావాళ్ళను నేనే వద్దంటే బాగుండదు గాని అన్నాడు. ఆమెకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

అత్త ఆ వారమంతా కూర్చుని ఒక కోటు కుట్టింది. పుట్టి బుద్ధెరిగాక తళుకు లేకుండా ఆమె కుట్టిన బట్ట అదేనేమో. భుజం దగ్గర రెండు మడతలు వేసి, తుపాకి పిడి ఒత్తుకోకుండా లోపల దూది పెట్టింది. "నువ్వు పోతే వాడు మైకుతో కాపురం చేసుకుంటాడులే," అంది, దారం కొరుకుతూ.

మైకాయన విని మొదట నవ్వాడు. తరవాత కాసేపు గోళ్ళు చూసుకున్నాడు. తరవాత తానూ వస్తానన్నాడు.

"నువ్వు రావద్దు," అంది తుపాకక్క.

పెళ్ళయ్యాక ఆమె ఆయనకు వద్దని చెప్పి నెగ్గిన మొదటి మాట అది. ఆయన రాలేదు.

పోటీ రోజు పొద్దున ఎండ నీరెండగా ఉంది. ఎదురుగా చెక్క చట్రానికి కాగితం, కాగితం మధ్య నల్లటి చుక్క. మనిషికి పది గుండ్లు. ఆమె ముందు కొట్టిన అమ్మాయి ఒక అధికారి కూతురు. మర్యాద తెలిసిన పిల్ల, పక్కకు తప్పుకుంటూ నమస్కారం పెట్టింది. గుండ్లన్నీ నలుపులో పడ్డాయి గాని, చిక్కుడు గింజలు చల్లినట్టు ఎడంఎడంగా పడ్డాయి. తుపాకక్క అది చూసి లోపల్లోపల గెలిచేసింది కూడా. పావురాన్ని దించినంత తేలిక పని.

ఆమె నిలబడింది. పిడి భుజానికి ఆనించింది. వెనక బల్లల మీద కూర్చున్నవాళ్ళు గుసగుసలాడుతుంటే డ్రిల్లు మాస్టారు చెయ్యెత్తి, "ఎవరూ మాట్లాడకండి," అన్నాడు.

అందరూ మాట్లాడటం మానేశారు. పిట్ట చప్పుడు కూడా లేదు.

ఆ నిశ్శబ్దం ఆమె చెయ్యికి తెలుసు. ఇన్నేళ్ళుగా ప్రతి సాయంత్రం, డోలు ఆగి, డేరా అంతా ఊపిరి బిగబట్టిన ఆ ఒక్క క్షణంలో ఆ చెయ్యి ఏం చేసేదో అదే చేసింది. కన్ను నల్లటి చుక్క మీదే ఉంది. గుండు మాత్రం ఎడమగా పోయింది; డేరాలో రెండు వేళ్ళ ఎడం ఈ దూరానికి జానెడై, కాగితం దాటి చట్రం చెక్కలో దిగింది.

బల్లల మీద ఎవరో అయ్యో అన్నారు.

అంతటితో పోయినా బాగుండేది. తప్పాక ఆమె తుపాకి దించలేదు, రెండో గుండు పేల్చలేదు. అలా ఉండిపోయింది. ఎందుకు ఆగిందో డ్రిల్లు మాస్టారుకు తెలియలేదు, ఆమెకు తెలిసింది. ఎవరో వచ్చి తన మోచెయ్యి పైకి ఎత్తడం కోసం ఎదురుచూస్తోంది. పావురాలను కొట్టిన చెయ్యి, ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోని చెయ్యి, కట్టేసిన బర్రెలాగా యజమాని కోసం నిలబడి ఉంది.

మిగతా తొమ్మిదీ కొట్టింది. తొమ్మిదీ ఒకే చిల్లులోంచి పోయాయి. డ్రిల్లు మాస్టారు కాగితం దగ్గరికి వెళ్ళి, చాలాసేపు వంగి చూసి, తిరిగి వచ్చాడు.

"నేనిట్లాంటిది చూళ్ళేదమ్మా," అన్నాడు. "కానీ మొదటిది కాగితంలోనే లేదు. ఒక్కటి అంచుకు తగిలున్నా ఉద్యోగం మీదే. ఏమైంది?"

ఏమని చెబుతుంది? లోకంలో ఎవరైనా కొట్టడం సాధన చేస్తారు. నేను తప్పడం సాధన చేశానండీ, అందుకని తప్పాను అంటే నమ్మేదెవరు? ఆడలేనమ్మ మద్దెల ఓడంది అనరూ? ఆమె గర్వం గల మనిషి. ఎండ కంట్లో పడిందని చెప్పింది. ఎండ ఆమె వెనక ఉంది. ఆయన ఎండ వైపు ఒకసారి చూసి, కాగితం మీద లెక్క రాసుకున్నాడు.

ఇంటికి వచ్చి అత్తతో ఒక్క మాట అంది, తప్పిందని. అత్త కోటు విప్పించి, మడతపెట్టి, పెట్టె అడుగున పెట్టింది. మైకాయన తిట్టలేదు, ఎగతాళి చెయ్యలేదు. టీ కాచి స్వయంగా తెచ్చి ఇచ్చాడు. పోనీలేవే, వాళ్ళకు నీ విలువేం తెలుసు అన్నాడు. ఆ మాటకు ఆమె గుండె కరిగింది. ఎంతైనా నా మనిషి అనుకుంది. అదే ఆమె చేసిన రెండో తప్పు.

సాయంత్రం డేరా నిండింది. ఆమె రైఫిలుతో నిలబడగానే మైకాయన గొంతు సవరించుకున్నాడు.

"ఈ పొద్దున మా ఆవిడ పోలీసుల పోటీకి పోయిందండీ. నన్ను రావద్దంది. పోనీ పాపమని ఊరుకున్నా. ఏమైంది? మోచెయ్యి ఎత్తే దిక్కు లేక మొదటి గుండే గాల్లో కలిసింది. మొగుడు పక్కన లేని గురి, కాడి లేని బండి!"

డేరా అదిరిపోయింది. ఆడవాళ్ళు కూడా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంత పెద్ద నవ్వు ఆయనకు ఎన్నడూ దొరకలేదు. డోలు మోగింది, ఆగింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

తుపాకక్క మొదటి బుడ్డిని పగలగొట్టింది.

పొద్దున రావలసిన బుద్ధి చేతికి సాయంత్రం వచ్చింది. మైకాయన అప్పటికే, బుడ్డి పగిలింది చూసుకోకుండా, అలవాటుగా ఉప్పు మాట అనేసి, మైకు కింద పెట్టి, రెండు వేళ్ళు చాపుకుని సగం దూరం వచ్చి ఉన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. వరసగా కొట్టుకుంటూ పోయింది. ఆయన ఎత్తిన వేళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. పదోది పగిలాక ఆమె రైఫిలు నింపుకుని, సుద్దముక్క కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఆయన ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. మైకు తీసుకుని, వేళ మించిపోయింది, తరవాతి ఆట కోతులది అని చెప్పాడు.

మర్నాటి నుంచి మైకాయన మళ్ళీ సుద్దముక్కతో నిలబడ్డాడు గాని, ఆమె ఒక్కటీ తప్పలేదు. చప్పట్లు మళ్ళీ మూలల్లోకి పోయాయి. ఆట చప్పగా ఉంది, మునుపటి పాకం లేదని సర్కస్ యజమాని నస పెట్టాడు. మైకాయన బతిమాలాడు, అలిగాడు, తల్లి చేత చెప్పించబోయాడు. అత్త నోట్లో గుండుసూదులున్నాయని సైగ చేసి తప్పించుకుంది. చివరకు ఒకనాడు ఆయన నేరుగా అడిగాడు.

"ఒక్కటే. ఒకే ఒక్కటి తప్పు. మళ్ళీ మన రోజులు మనకొస్తాయి."

"నీ రోజులు," అంది ఆమె.

"ఎంత పొగరే నీకు."

"పొగరే. అదొక్కటే మిగిల్చావు."

నెల తిరక్కుండా ఆమె చోటులోకి ఇంకొక అమ్మాయి వచ్చింది. చూడ్డానికి చక్కని పిల్ల, తుపాకి ఎటువైపు నుంచి పేలుతుందో తెలియదు. గుండ్లు లేని తుపాకి ఆమె పేలుస్తుంటే, చెక్క వెనక ఒకడు సుత్తి పట్టుకుని కూర్చుని బుడ్లు కొట్టేవాడు. మొదటిసారి వాణ్ణి ఊరుకోమనేవారు. అయ్యో అనేవారు జనం. మైకాయన వెళ్ళి మోచెయ్యి ఎత్తేవాడు. ఆహా అనేవారు. అప్పుడు మాత్రం ఏ బెంచీ మీంచీ ఎవడూ సుత్తి మాట ఎత్తలేదు.

తుపాకక్క బట్టల మూటతో బయటకు నడిచింది. ఊళ్ళో వినోదాల తోటలో బెలూన్లు కొట్టే దుకాణంలో పని దొరికింది. వచ్చినవాళ్ళ చేతికి గాలి తుపాకి ఇవ్వడం, పగిలిన బెలూన్ల చోట కొత్తవి ఊది కట్టడం. ఎప్పుడైనా ఎవరైనా ఈ తుపాకి వంకరదని తగువు పెట్టుకుంటే, తీసుకుని వరసగా కొట్టి చూపించేది. చూపించాక వాళ్ళు మెచ్చుకునేవారు కాదు, ముఖం ముడుచుకుని పోయేవారు. పోలీసు బడికి మరొకసారి వెళ్ళింది. ఆ పోస్టు ఇక ఖాళీ లేదన్నారు. తలుపు మీద ఆ అధికారి కూతురి పేరు ఉంది. అక్షరాలు కూడబలుక్కుని చదివి వచ్చేసింది.

రెండేళ్ళకు అత్త మిషనుతో సహా ఆమె అద్దె గదికి వచ్చేసింది. వాడి ఇంట్లో మాటలు తప్ప తినడానికేమీ ఉండటం లేదంది. కొడుకును కాదని కోడలి దగ్గరికి వచ్చిన తల్లిని చూసి వాటా ఇళ్ళవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఇద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకునేవారు. ఒకరు లేకుండా ఒకరు తినేవారు కారు.

మైకాయన ముసలివాడయ్యాక ఏదో సంఘంవాళ్ళు ఆయనకు సన్మానం చేశారు. ఆడవాళ్ళకు తుపాకి విద్య నేర్పిన మొదటి గురువని పత్రికలో వేశారు. దుకాణం యజమాని ఆ పత్రిక పట్టుకొచ్చి, మీ ఆయన ఇంత గొప్ప మనిషని చెప్పలేదేమమ్మా అంటూ పైకి చదివి వినిపించి పోయాడు. అతడు పోయాక గదిలో ఇద్దరే మిగిలారు. అత్తకు అప్పటికి కళ్ళు కనపడవు, మంచం మీదే ఉంటోంది.

"ఒకటడుగుతా, నిజం చెప్పు," అంది ఉన్నట్టుండి. "వాడి తల్లినని చూడకు. అన్నేళ్ళు రోజూ నీ చేతిలో తుపాకి, నీ ఎదురుగా వాడు నోట్లో సుద్దముక్కతో. ఒక్కనాడైనా అనిపించలేదూ?"

తుపాకక్క బెలూన్లు కట్టే దారం ఉండ చుడుతోంది. చుట్టడం ఆపలేదు.

"పోటీ నాటి సాయంత్రం అనిపించింది."

"మరి ఆ తరవాత రోజు నిలబడ్డాడుగా. ఎందుకాగావు?"

"కొట్టాననుకో అత్తా, జనం ఏమంటారు?" అంది ఆమె. "పాపం, గురి తప్పింది అంటారు."